రెండు చక్రాల సాప్తపదీనం



ముప్పయ్యారేళ్లు బడిపిల్లలకు ఛందస్సూ సమాసాలూ చెప్పుకుని బతికిన తెలుగు పంతులికి మోటారు సైకిళ్లతో పనేమిటని మీలో కొందరికి తోచవచ్చు. 2023 దాకా ఆ వాహనాన్ని గురించి నాకున్న జ్ఞానం బహుకొద్ది. తనిఖీ అధికారి బులెట్టు శబ్దం రెండు ఫర్లాంగుల దూరాన వినబడగానే పిల్లలచేత వల్లెవేసిన పద్యం అందుకొనిపించడం, అంతే.

ఈ వ్యాసానికి కారణం మా అబ్బాయి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉద్యోగం. ఆ ఏడాది సంక్రాంతికి వాడొక ఫోటో పంపాడు. నల్లటి తోలుచొక్కా, చేతులకు తొడుగులు, పక్కన నేలబారుగా సాగిన పొడవాటి బండి. నేను మూడు పుటల ఉత్తరం రాశాను. అందులో "ఇంత చదివించింది రౌడీమూకల్లో కలవడానికా" అన్న వాక్యం కూడా ఉంది. రెండు వారాలు వాడు పలకలేదు. తర్వాత వచ్చిన జవాబు నాలుగే పంక్తులు. "నాన్నగారూ, మూలం చూడకుండా వ్యాఖ్యానాన్ని నమ్మవద్దని మీరే చెప్పేవారు. వీళ్లను గురించి మీరు చూసిన మూలమేమిటి? వేసవికి ఎలాగూ వస్తారు కదా. వచ్చి చూడండి."

నా దగ్గర మూలమేదీ లేదు. ఎప్పుడో చూసిన ఒకటి రెండు ఇంగ్లీషు సినిమాలూ, వాటిని చూసి మనవాళ్లు తీసిన సినిమాల్లో ప్రతినాయకుడి అనుచరులూ, అంతే నా ఆధారం. శిష్యుడి ముందు పాఠం తప్పిన ఉపాధ్యాయుడికి చదువుకోవడం ఒక్కటే దారి. అలా చదివిన సంగతులివి.

ముందుగా మాట సంగతి. ఈ రకం బండిని క్రూయిజరు అంటారు. ఇంగ్లీషులో ఆ పేరు తొలుత సముద్రం మీద తిరిగే యుద్ధనౌకది. ఆసనం నేలకు దగ్గరగా ఉంటుంది. పాదాలు ముందుకు చాచి, చేతులు కొంచెం పైకి పెట్టి కూర్చోవాలి. పందెపు బండి మీద మనిషి రౌతులాగా ముందుకు వంగుతాడు. దీనిమీద పడకకుర్చీలో తాతగారిలాగా వెనక్కు వాలుతాడు. వేగం కంటె దూరం దీని ధర్మం. "విహారిక" అందామా అనుకున్నాను. "నేలనౌక" అంది మా ఆవిడ. రెండూ నిలిచేటట్టు తోచక క్రూయిజరు అనే ఉంచాను. మంచి మాట తట్టినవారు చెబితే సంతోషిస్తాను.

అబ్బాయి కొలంబసు నగరానికి దాపున ఉంటాడు. వెళ్లిన నాలుగో రోజున వాడి వెనుక ఎక్కాను. పంచె కట్టుకుని ఎక్కరాదన్నాడు గనుక అరవై దాటిన వయసులో తొలిసారి జీన్సు తొడిగాను. ఆ రాష్ట్రంలో చిన్నవారికీ కొత్తగా లైసెన్సు పుచ్చుకున్నవారికీ తప్ప హెల్మెట్టు నిర్బంధం లేదట. తల నెరిసినవాళ్లు బోడితలలతో పోతూంటే చూసి నాకు గుండె ఝల్లుమంది. మా ఇద్దరికీ మాత్రం హెల్మెట్లు ఉండవలసిందేనన్నాను.

పొలాల మధ్య బాటలో ఎదురుగా మరో మోటారు సైకిలు వచ్చింది. దాన్ని నడిపేవాడు ఎడమ చెయ్యి తీసి నేలవైపు చాచాడు, రెండు వేళ్లు చూపాడు. మావాడూ అలాగే చేశాడు. మరి కొంత దూరంలో ఇంకొకడు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై మైళ్లలో పదకొండు మంది. బండి ఆపినప్పుడు "అందరూ తెలిసినవాళ్లేనా?" అని అడిగాను. "ఒక్కరూ తెలియదు నాన్నగారూ" అన్నాడు.

సంస్కృతంలో సఖ్యానికి సాప్తపదీనమని ఒక పేరు. ఏడడుగులు కలిసి నడిస్తే ఏర్పడేది. పెళ్లిలో సప్తపది అందరికీ తెలుసు. స్నేహానికీ అదే కొలత అని ఎరిగినవారు తక్కువ. ఇక్కడ ఏడడుగులు కూడా లేవే! ఎదురెదురుగా గంటకు యాభై మైళ్ల వేగంతో పోయే ఇద్దరికి దొరికేది రెప్పపాటు. అందులో ఈ సఖ్యం ఎక్కడిది? బండ్లు అమ్మేవారి ప్రకటనలు దీనికి స్వేచ్ఛ అని పేరు పెట్టాయి. నేను చదివినంతలో దీని పుట్టుక అవసరంలో ఉంది. దారి లేని చోట, బండి చెడిన చోట, మంచినీళ్లు అయిపోయిన చోట ఒకరికొకరు కావలసివచ్చారు.

* * *

1903 మే 16న జార్జి వైమన్ అనే యువకుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరాడు. అతని వాహనం సైకిలుకు ఒకటింపావు అశ్వశక్తి ఇంజను తగిలించినది. సియెర్రా పర్వతాల్లోనూ ఎడారిలోనూ రోడ్డన్నది లేక రైలుపట్టాల మధ్య అడ్డచెక్కల మీద ఎగిరెగిరి పడుతూ నడిపాడు. ఆల్బనీ చేరేసరికి ఇంజను కన్నుమూసింది. మిగిలిన 150 మైళ్లు సైకిలు తొక్కినట్టు తొక్కుకుంటూ జులై 6న న్యూయార్కు చేరాడు. యాభై రోజులు. మోటారు వాహనం మీద ఆ ఖండాన్ని దాటిన మొదటి మనిషి అతడే. కారు మీద దాటినవాడు ఆ తర్వాత ఇరవై రోజులకు వచ్చాడు. అయినా లోకం కారువాడినే ఎక్కువ తలచుకుంటుంది.

1915లో ఎఫీ హాచ్‌కిస్ అనే యువతి బ్రూక్లిన్ నుంచి హార్లీ డేవిడ్‌సన్ బండి మీద బయలుదేరింది. పక్కన తగిలించిన తొట్టిలో తల్లి ఏవిస్. న్యూమెక్సికోలో ట్యూబులు అయిపోతే కంబళిని కత్తిరించి చుట్టచుట్టి టైరులో కూరి ముందుకు సాగారు. బయలుదేరేటప్పుడు ఒక సీసాలో అట్లాంటిక్ సముద్రపు నీళ్లు పట్టుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కో చేరాక వాటిని పసిఫిక్‌లో పోసింది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరకున్నాను. కాశీగంగను రామేశ్వరం తెచ్చి అభిషేకించి, అక్కడి సేతువు ఇసుకను మళ్లీ గంగలో కలిపితే గాని యాత్ర పూర్తికాదని మన పెద్దలు నమ్మారు. బ్రూక్లిన్ అమ్మాయికి ఆ సంగతి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పి ఉండరు. దూరం నడిచిన మనిషికి ఇక్కడి నీళ్లు అక్కడ పోయాలనిపిస్తుంది కాబోలు. తల్లీ కూతుళ్లు తిరిగి అదే బండి మీద ఇల్లు చేరారు. పోనూ రానూ దాదాపు 9 వేల మైళ్లు.

మరుసటి ఏడు అగస్టా, ఆడెలిన్ వాన్‌బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్లు చెరొక బండి మీద అదే ఖండాన్ని దాటారు. వారి బండ్ల పేరు ఇండియన్. మన దేశంతో దానికి చుట్టరికం లేదు, మసాచుసెట్స్‌లో 1901లో మొదలైన కంపెనీ. యూరపులో మహాయుద్ధం జరుగుతున్న రోజులు. అమెరికా యుద్ధంలోకి దిగితే సైన్యపు వార్తలు మోసే పనికి ఆడవాళ్లూ పనికివస్తారని చూపడం వారి సంకల్పం. 1916 జులై 4న బయలుదేరారు. చికాగో దాటాక చిన్న చిన్న ఊళ్లలో మగవాళ్ల దుస్తులు వేసుకున్నారని పోలీసులు పలుమార్లు పట్టుకున్నారు. 14 వేల అడుగులు మించిన పైక్స్ శిఖరం మీదికి బండ్లెక్కించారు. సాల్ట్‌లేక్ నగరానికి పడమట ఎడారిలో దారితప్పి, నీళ్లు అయిపోయి ప్రాణాపాయంలో పడినప్పుడు ఖనిజాలు వెతుక్కుంటూ తిరిగే ఒక బాటసారి వారిని కాపాడాడు. సెప్టెంబరు 2న శాన్‌ఫ్రాన్సిస్కో చేరారు. సైన్యం మాత్రం ఆడెలిన్ దరఖాస్తును తిరస్కరించింది. ఒక మోటారు సైకిలు పత్రిక బండిని మెచ్చుకుంది గాని మనుషులను మెచ్చుకోలేదు. తర్వాత ఆడెలిన్ న్యాయశాస్త్రం చదివింది, అగస్టా విమానం నడిపింది.

ఈ మూడు కథల్లోనూ ఒక సామాన్య లక్షణం ఉంది. బండి నమ్మదగినది కాదు, దారి అసలే నమ్మదగినది కాదు. నమ్ముకోవలసింది ఎదురయ్యే మనిషిని. నేడు చెడిపోయింది నీ బండి, రేపు నాది. మన ఎడ్లబండ్ల కాలంలో ఇరుసు విరిగిన బండిని దాటి పోవడం తప్పుగా ఎంచేవారని మా తాతగారు చెప్పేవారు. అదే ధర్మం.

1910లలోనే అక్కడ గుంపుగా విహరించే ఆచారం మొదలైంది. దానికి జిప్సీ టూర్ అని పేరు. ఎక్కడెక్కడి బండ్లవాళ్లూ ఒకచోట కలిసి, గుడారాలు వేసుకుని, పందేలు పెట్టుకుని, వండుకు తిని ఇళ్లకు పోవడం. 1924లో అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ ఏర్పడింది. ఈ విహారాలకు అనుమతీ నియమాలూ ఆ సంఘం చూసేది. 1938లో దక్షిణ డకోటాలోని స్టర్జిస్ అనే చిన్న ఊళ్లో ఇండియన్ బండ్లు అమ్ముకునే పాపీ హోల్ అనే వ్యాపారి, తమ జాక్‌పైన్ జిప్సీస్ సంఘంతో కలిసి ఒక చిన్న సమావేశం పెట్టాడు. పందెంలో దిగినవారు తొమ్మండుగురు. పేరు గమనించారా? ఇక్కడా జిప్సీలే. ఊరులేని సంచారుల పేరు పెట్టుకోవడం ఊళ్లో స్థిరపడినవారికి ఎప్పుడూ ముచ్చటే. ఆ సంచారులు నిజంగా వస్తే ఊరిబయట ఉండమంటారు.

* * *

ఇక్కడ నేను ఆగి చెప్పవలసిన వ్యక్తి బెస్సీ స్ట్రింగ్‌ఫీల్డ్. నల్లజాతి స్త్రీ. తన పుట్టుక గురించి ఆమె చెప్పుకున్న కథ ఒకటి, దస్తావేజులు చెప్పే సంగతి మరొకటి. ఆ వివాదం నాకు ముఖ్యం కాదు. 1930, 40 దశకాల్లో ఆమె ఒంటరిగా మోటారు సైకిలు మీద అమెరికాను ఎనిమిది మార్లు చుట్టింది. పటం పరిచి దానిమీద నాణెం వేసి, అది పడిన చోటికి ప్రయాణం కట్టేది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైన్యానికి పౌర ఉద్యోగినిగా వార్తలు మోసింది. జీవితంలో నడిపిన హార్లీ బండ్లే 27.

రాత్రుళ్లు ఎక్కడ పడుకునేది? అప్పటి దక్షిణాది హోటళ్లలో ఆమెకు గది ఇవ్వరు. దారిలో నల్లజాతివారి ఇల్లు కనబడితే, వాళ్లు రమ్మంటే అక్కడ. లేకపోతే పెట్రోలు బంకు దగ్గర బండి మీదనే. చొక్కా మడిచి హ్యాండిలు మీద తలగడగా పెట్టుకుని, కాళ్లు వెనుక మడ్‌గార్డు మీద చాపుకుని నిద్రపోయేది. నల్లజాతి ప్రయాణికులకు ఏ ఊళ్లో ఎవరు బస ఇస్తారో చెప్పే గ్రీన్ బుక్ అనే చిరుపుస్తకాన్ని హార్లెమ్‌లోని విక్టర్ గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936 నుంచి ప్రచురించాడంటే ఆ అవసరం ఎంతటిదో ఊహించవచ్చు.

ఇంతకు ముందు చెప్పిన సంఘమో? జిప్సీ టూర్లు జరిపించిన ఆ సంఘమే 1950ల దాకా నల్లవారికి సభ్యత్వం ఇవ్వలేదు. దారి పొడవునా ఉన్న స్నేహానికి చుట్టూ ఒక గిరి గీసి ఉందన్నమాట. మయామీలో స్థిరపడిన బెస్సీని బండి నడపరాదని పోలీసులు అడ్డగిస్తే, వారి పైఅధికారి ముందు విన్యాసాలు చేసి చూపించి అనుమతి సంపాదించుకుంది. నర్సుగా పనిచేస్తూ తానే ఒక మోటారు సైకిలు సంఘం పెట్టింది. 1993లో మరణించింది. 2002లో ఆమె పేరును హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. చేర్చినది, ఒకనాడు ఆమె జాతివారికి తలుపు మూసిన ఆ సంఘపు సంస్థే. ఆ ప్రదర్శనశాల ఒహాయోలోనే, మావాడి ఊరికి దగ్గరలోని పికరింగ్‌టన్‌లో ఉంది.

వారిని తప్పుపట్టడానికి నేనెవరిని? మా చిన్నతనంలో మన సత్రాల్లో ఎవరికి లోపల పంక్తి, ఎవరికి బయటి వసారా అన్నది ఎవరూ రాసిపెట్టనక్కరలేకుండానే అందరికీ తెలుసు. హోటలు పలక మీద కులం పేరు చూశాను. టీ కొట్టులో గూటిలో వేరేగా పెట్టిన గ్లాసు చూశాను. చూసి, నా టీ నేను తాగి వచ్చాను. తోడును గురించి ఎంత గొప్పగా రాసుకున్నా ఆ గ్లాసు కూడా రాయాలి.

* * *

రౌడీల సంగతికి వస్తాను. మా ఉత్తరాల తగాదా దాని మీదనే గదా.

రెండో యుద్ధంలో హార్లీ కంపెనీ సైన్యానికి దాదాపు 90 వేల బండ్లు చేసి ఇచ్చింది. యుద్ధం ముగిశాక మిగులు బండ్లు చవకగా అమ్ముడయ్యాయి. తిరిగివచ్చిన సైనికుల్లో కొందరికి ఇంట్లో కాలు నిలవలేదు. యుద్ధభూమిలో పక్కనున్నవాడి మీద ప్రాణం పెట్టుకున్న మనిషికి ఊళ్లో ఆ పక్కవాడు లేడు. వారిలో పలువురు బండ్ల గుంపుల్లో వాణ్ణి వెతుక్కున్నారు. 1947 జులైలో కాలిఫోర్నియాలోని హోలిస్టర్ అనే ఊళ్లో జిప్సీ టూర్ జరిగింది. వచ్చినవారు సుమారు 4 వేలు. ఊరి జనాభా ఇంచుమించు అంతే. పోలీసులు ఏడుగురు. తాగుడు, అల్లరి, వీధుల్లో పందేలు. దాదాపు యాభై మందిని పట్టుకున్నారు. లైఫ్ పత్రిక ఒక ఫోటో వేసింది: ఖాళీ సీసాల కుప్ప నడుమ బండి మీద తూలుతున్న మనిషి. సీసాలు కావాలని పేర్చి తీశారని తర్వాత సాక్షులు చెప్పారు. 1951లో దాని మీద ఒక కథ, 1953లో ఆ కథ మీద ది వైల్డ్ వన్ సినిమా వచ్చాయి. అందులో మార్లన్ బ్రాండో ఎక్కింది క్రూయిజరు కాదు, ట్రయంఫ్ అనే బ్రిటిషు బండి! నా మనసులోని రౌడీకి మూలపురుషుడు ఆ ఫోటోలోనివాడేనని ఇప్పుడు తెలిసింది.

అయితే అంతా కల్పన అనను. 1948లో పుట్టిన హెల్స్ ఏంజెల్స్ వంటి ముఠాలు హింసకూ మాదకద్రవ్యాలకూ పేరు మోశాయి. 2015 మేలో టెక్సస్‌లోని వేకోలో ముఠాలు కలబడినప్పుడు తొమ్మండుగురు చచ్చిపోయారు. కలిసి తిరగడం మనిషిని తనంత తానుగా మంచివాణ్ణి చేయదు. కాని ఆ గుప్పెడుమందిని చూసి లక్షలమందికి పేరు పెట్టడం నేను చేసిన పనే.

క్రూయిజరు రూపం కుదిరిన తీరు వేరొక కథ. సైన్యపు బండ్లూ పోలీసు బండ్లూ వేలంలో కొన్నవాళ్లు అనవసరమనుకున్న తొడుగులూ రేకులూ ఊడదీసి, ముందరి గొట్టాలు సాగదీసి, సొంత ఇష్టానికి మలచుకున్నారు. కొట్టివేసి తగ్గించినవి గనుక వాటిని చాపర్లన్నారు. 1969 నాటి ఈజీ రైడర్ సినిమాతో అవి లోకమంతా తెలిశాయి. జెండా రంగులు పూసిన ఆ బండి ప్రపంచంలో అత్యధికులు గుర్తుపట్టే మోటారు సైకిలు అంటారు. దాని రూపకల్పన, నిర్మాణం చేసినవారు క్లిఫ్ వాన్, బెన్ హార్డీ అనే నల్లజాతివారు. సినిమాలో వారి పేర్లు వేయలేదు. నల్లజాతి రౌతు ఒక్కడూ ఆ కథలో కనబడడు. దశాబ్దాల తర్వాత గాని వారి పేర్లు బయటికి రాలేదు. గిరి ఇంకా చెరగలేదన్నమాట.

వీధిలో పుట్టిన ఆ రూపాన్ని 1971లో హార్లీ కంపెనీయే కర్మాగారంలో తయారుచేసింది. స్థాపకుల్లో ఒకరి మనుమడైన విల్లీ జి. డేవిడ్‌సన్ రూపొందించిన ఆ బండి పేరు సూపర్ గ్లైడ్. అప్పటికే జపాను బండ్లు ముంచుకువస్తున్నాయి. అవి నూనె కార్చవు, దారిలో ఆగవు. 1969లో చేతులు మారిన హార్లీ మాత్రం నాణ్యత కోల్పోయింది. 1981లో సంస్థ అధికారులు పదముగ్గురు అప్పుచేసి దాన్ని తిరిగి కొనుక్కున్నారు. 1983లో అమెరికా ప్రభుత్వం 700 సీసీ దాటిన విదేశీ బండ్ల మీద 45 శాతం అదనపు సుంకం వేసింది. ఆ ఏడాదే కంపెనీ తన బండ్ల యజమానులకు ఒక సంఘం కూడా పెట్టింది. కొత్త బండి కొంటే సభ్యత్వం దానితోపాటే.

ఈ సంఘాన్ని గురించి నాకు రెండు మనసులున్నాయి. దారిలో చెడిన బండి దగ్గర పుట్టిన స్నేహాన్ని దుకాణంలో బిల్లుతోపాటు ఇవ్వడం నాకు వింతగానే తోచింది. బండ్లు చెడడం తగ్గాక, తోడుకు కారణం తొలగిపోయాక, తోడును కంపెనీ పోషించవలసివచ్చింది. వ్యాపారమే. కాని మావాడి మిత్రుల్లో ఇద్దరు ఆ సంఘంలో కలిసినవాళ్లే. అన్నదానం ఎవరు పెట్టారన్నది వేరు, పంక్తిలో పక్కవాడితో మాట కలిసిందా లేదా అన్నది వేరు.

ఒక చిన్న శాస్త్రపు ముచ్చట, ఛందస్సు చెప్పినవాణ్ణి గనుక. ఆ ఇంజనులో రెండు సిలిండర్లు 45 డిగ్రీల కోణంలో ఉండి ఒకే క్రాంకుపిన్నుకు తగులుకుంటాయి. అందువల్ల పేలుళ్ల నడుమ ఎడం సమానంగా ఉండదు. ఒకటి 315 డిగ్రీలకు, మరొకటి 405 డిగ్రీలకు. మొదటిది లఘువు, రెండోది గురువు! నిష్పత్తి సరిగా కుదరదు గాని చెవికి లగము వినిపిస్తుంది. ఆ శబ్దాన్ని తమ సొంత ముద్రగా నమోదు చేయించుకోవాలని కంపెనీ 1994లో దరఖాస్తు పెట్టి 2000లో విరమించుకుంది. లగము మీద హక్కు ఎవరిస్తారు?

స్టర్జిస్ సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. తొమ్మండుగురితో మొదలైన ఆ ఉత్సవపు 75వ సంచికకు, 2015లో, ఏడు లక్షలకు పైగా జనం వచ్చారని ఆ రాష్ట్రపు లెక్క. ఊరివాళ్లు 7 వేలు. నాకు తిరునాళ్ల రద్దీ గిట్టదు గనుక చూడాలనిపించలేదు. నన్ను కదిలించింది వేరొకటి. 1988 నుంచి 2019 వరకు ఏటా మే నెలలో వియత్నాం యుద్ధం చేసినవారు రోలింగ్ థండర్ పేరిట వాషింగ్టన్‌లో బండ్ల మీద ఊరేగేవారు. యుద్ధంలో చిక్కుబడి తిరిగిరానివారి లెక్క తేల్చమని అడగడం వారి ఉద్దేశం. తోడువచ్చినవాణ్ణి వదలి రావడం వాళ్లు ఒప్పుకోలేదు.

మన దేశపు సంబంధం కూడా ఒకటుంది, వింటే నవ్వు వస్తుంది. 2007లో అమెరికా మన మామిడిపండ్లకు తలుపు తీసింది, మనం హార్లీ బండ్లకు తీశాం. రెండూ ఒకే బేరంలో కుదిరాయి. 2010లో ఆ కంపెనీ మన దేశంలో తెరిచిన తొలి దుకాణాల్లో ఒకటి హైదరాబాదుది. పేరులో బంజారా. అమెరికాలో జిప్సీ అయినది ఇక్కడ బంజారా అయింది. తండాలను ఊరికి దూరంగా ఉంచినవాళ్లం, పేరు మాత్రం లక్షల ఖరీదు చేసే బండ్ల దుకాణానికి పెట్టుకున్నాం. 2020లో కంపెనీ ఇక్కడి కర్మాగారం మూసివేసి, హీరో సంస్థతో ఒప్పందం చేసుకుంది. 2023లో వారిద్దరి పేరిట 440 సీసీ బండి ఒకటి వచ్చింది. మద్రాసులో 1955లో మొదలైన బులెట్టు కథ వేరే రాయవలసినది. దాన్ని ఇందులో ఇరికిస్తే అన్యాయం.

* * *

తిరుగు ప్రయాణానికి వారం ముందు మావాడు తన మిత్రబృందంతో లింకన్ హైవే మీదికి తీసుకుపోయాడు. 1913లో ఆ ఖండాన్ని దాటడానికి గుర్తించిన బాట అది. వాన్‌బ్యూరెన్ అక్కచెల్లెళ్లు ఎక్కువ దూరం నడిపింది దానిమీదనే. ఎనిమిది బండ్లు. మనవాళ్లు ఇద్దరు, మావాడూ, నిజామాబాదు కుర్రవాడొకడూ. మిగిలినవారిలో ఒక ప్లంబరు, ఒక బడిపంతులు, లెక్కల గుమాస్తాగా చేసే ఒకామె, తక్కినవారి వృత్తులు నేనడగలేదు. అందరికంటె వెనుక డెబ్బయ్యారేళ్ల పెద్దమనిషి, వియత్నాంలో పనిచేసినవాడట. అతని సంచిలో పానాలు, ట్యూబు అతికే సామాను, గాయాలకు కట్టు గుడ్డలు.

బయలుదేరే ముందు నియమాలు చెప్పారు. ముందువాడు తన వరుసలో ఎడమవైపు నడుపుతాడు, రెండోవాడు కుడివైపు, మూడోవాడు మళ్లీ ఎడమ. గుంట కనబడితే చేతితోనో కాలితోనో చూపాలి. వెనుకవాడు దాన్ని తన వెనుకవాడికి అందించాలి. ఎవరి బండి ఆగినా అందరికంటె వెనుకనున్న పెద్దాయన దాన్ని దాటి పోడు. పూర్వం బిడారులకు దారి చూపే నాయకుణ్ణి సార్థవాహుడనేవారు. అతడు ముందుండేవాడని అనుకునేవాణ్ణి. ఇక్కడ అసలైన సార్థవాహుడు చిట్టచివర ఉన్నాడు.

ఆ లెక్కల గుమాస్తా బండి అన్నింటికంటె పాతది, ట్యాంకు చిన్నది. రెండు గ్యాలన్లకు కొంచెం ఎక్కువ పడుతుంది. తొంభై మైళ్లకు ఒకసారి పెట్రోలు పోయించుకోవాలి. తక్కిన బండ్లలో కొన్ని రెండువందల మైళ్లు ఆగకుండా పోగలవు. మొదటి మజిలీ ఎక్కడని నేనడిగితే మావాడు పటం మీద తొంభై మైళ్ల లోపున ఉన్న ఊరు చూపాడు. "అందరూ అక్కడేనా?" అన్నాను. "అవును నాన్నగారూ, ఆమె ట్యాంకును బట్టే ప్రయాణం" అన్నాడు.

మాన్స్‌ఫీల్డ్ దాటాక సన్నగా వాన పట్టింది. బంకు కనబడింది. ఎనిమిది బండ్లూ ఆగాయి. ఆమె పెట్రోలు పోయించుకుంటూంటే తక్కినవాళ్లు కాఫీ గ్లాసులు పట్టుకుని చూరు కింద నిలబడ్డారు. పెద్దాయన తన గ్లాసు పక్కన పెట్టి, వంగి ఆమె బండి వెనుక టైరును బొటనవేలితో నొక్కి చూశాడు.